ప్రసంగం కాని మాట

“సార్, ఒక్క నిమిషం ఆపండి.”

అద్దానికి అవతల కూర్చున్న లెక్చరర్, చదువుతున్న కాగితం మీంచి తలెత్తాడు. అతను మొదలుపెట్టి ఇంకా ఒక పేరా కూడా అవలేదు.

“ఏమైంది? మైకు పనిచెయ్యట్లేదా?”

“మైకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది.” ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్‌ని ఒక చెవి మీంచి పక్కకి జరిపింది. “మీరు పాఠం చెబుతున్నారా, ప్రసంగం చేస్తున్నారా?”

“తేడా ఏంటి?”

“పాఠమైతే కూర్చుని వింటాను. ప్రసంగమైతే లేచి చేతులు కట్టుకుని నిలబడాలి కదా. ఏదో ఒకటి తేల్చండి, కుర్చీ సర్దుకుంటాను.”

లెక్చరర్ మొహం ఎర్రబడింది. కాలేజీలో అతని గొంతుకి పెద్ద పేరు. ఆయన హాజరు పిలిచినా కవిత్వంలా ఉంటుందని పిల్లలు చెప్పుకునేవారు. ఇంటిపట్టున చదువుకునేవాళ్ళ కోసం ఆడియో పాఠాలు రికార్డు చెయ్యాలనుకున్నప్పుడు, విశ్వవిద్యాలయం వాళ్ళు ఏరికోరి అతన్నే పిలిచారు. తీరా వస్తే మొదటి రోజే, ముక్కూ మొహం తెలియని సౌండ్ ఇంజినీరు ఇలా గాలి తీసేసింది.

ఆమెని స్టూడియోలో అందరూ ‘చెవులపిల్లి’ అంటారు. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. పక్కగదిలో బిస్కెట్ విరిచినా పట్టేస్తుందని ఆయన ఫిర్యాదు. పేరు విని ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు సరికదా, టీ కప్పు మీద కుందేలు బొమ్మ కూడా వేయించుకుంది.

“నా గొంతే ఇంత,” అన్నాడతను ముక్తసరిగా.

“కాదు సార్. ఇందాక తలుపు దగ్గర చెప్పు తెగిందని మీలో మీరు తిట్టుకున్నారు చూడండి, మీ గొంతు అది. చాలా బాగుంది.”

నవ్వాలో కోప్పడాలో తెలియక అతను మంచినీళ్ళు తాగాడు.

*

ఆ స్టూడియోకి ఒక జబ్బుంది. గది నాలుగు గోడలకీ మెత్తటి దిళ్ళు వేశారు గానీ, పైన మాత్రం రేకుల కప్పు. వాన మొదలైతే రికార్డింగ్ ఆగిపోవాల్సిందే. ఆ ఏడు వానలు దంచికొట్టాయి. పాఠాలు కుంటుతూ నడిచాయి. కబుర్లు మాత్రం పరుగెత్తాయి.

“మీ కవులకి దేవుడంటే పడదా సార్?” అని అడిగిందామె ఒక వానలో, కుందేలు కప్పు అతనికిచ్చి, తను మూత విరిగిన ఫ్లాస్కులోంచే తాగుతూ.

అతని పాఠాలన్నీ రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు కవుల గురించి. పొలాల్నీ, పిల్లల్నీ, మేఘాల్నీ ప్రేమించి, మత పెద్దల మీద నిప్పులు చెరిగిన కవులు.

“దేవుడంటే పడకపోవడం కాదు. ఆయన్ని లోపల పెట్టి తాళం వేసి, తాళంచెవి మా దగ్గరే ఉందనేవాళ్ళంటే పడదు.”

“మరి ప్రతి పాఠంలోనూ ఈ పిల్లల గొడవేంటి?”

“పిల్లలకి తాళంచెవి అక్కర్లేదు కదా. చీమల బారు చూసినా వాళ్ళకి సంబరమే. ఇది తప్పు, అది పాపం, కళ్ళు మూసుకో, చేతులు కట్టుకో అని నేర్పడం మొదలెట్టాక ఆ సంబరం పోతుంది. పోయిందని కూడా అప్పుడు తెలీదు. పెద్దయ్యాక ఎప్పుడో, ఎవరి పిల్లాడో బురదలో గెంతుతుంటే చూసి, గుండెల్లో ఏదో కలుక్కుమంటుంది. నాక్కూడా ఒకటి ఉండేది, ఎక్కడ పారేసుకున్నాను అని.” అతను ఆగాడు. “ఆ కవులు రాసిందంతా ఆ వెతుకులాటే.”

చెవులపిల్లి అతని చేతిలో కాగితాలు చటుక్కున లాగేసుకుంది.

“ఇప్పుడు చెప్పారే, అదీ పాఠమంటే! ఇవి నా దగ్గరుంటాయి. మీరు అద్దంలోంచి నన్ను చూస్తూ చెప్పండి. పరీక్ష పాసయ్యాక కవిత్వం మొహం చూడనిదాన్ని. నాకర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే.”

అప్పట్నుంచి అతను ఆమెకే పాఠం చెప్పాడు. బాగా చెబితే అద్దం అవతల బొటనవేలు లేచేది. గొంతు ప్రసంగంలోకి జారితే ఆమె చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, మహా బుద్ధిమంతురాలి మొహం పెట్టేది. అతను ఫక్కున నవ్వేవాడు. ఆ ముక్క మళ్ళీ మొదట్నుంచి రికార్డు చెయ్యాల్సి వచ్చేది. అలా ఎన్ని పాడయ్యాయో ఆ కంప్యూటరుకే తెలియాలి. స్టూడియోకి వచ్చే రోజు లెక్చరర్ చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు. ఆకాశంలో మబ్బు పడితే చెవులపిల్లి ఫ్లాస్కులో టీ రెట్టింపు పోసుకొచ్చేది.

*

“ఒక మాట అడగనా? వాక్యం మొదలుపెట్టే ముందు కడుపులోంచి ఊపిరి తీసుకుంటారు, పాటగాళ్ళలాగా. ఎక్కడ నేర్చుకున్నారు?” అందామె ఒకరోజు.

అతను కప్పు కింద పెట్టాడు. పైన రేకుల మీద వాన హోరు.

“ప్రార్థన మందిరంలో. ఆరేళ్ళప్పుడు.”

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. “తెల్ల అంగీ వేసుకుని, స్టూలెక్కి మాట్లాడేవాడు... చిట్టి బోధకుడు! అది మీరా?”

“మీకెలా తెలుసు?”

“ఎలా తెలుసేంటి! మా మేనత్త నన్ను లాక్కెళ్ళేది. ‘చూడవే, నీ ఈడువాడే, ఎంత బుద్ధిగా ఉన్నాడో! నీకు చెవులున్నాయి గానీ బుద్ధేది?’ అని మొట్టేది. మీ మూలంగా నేను తిన్న మొట్టికాయలు ఇన్నీ అన్నీ కావు.”

“అయితే ఇప్పుడు తిరిగిచ్చెయ్యండి,” అని అతను తల వంచాడు.

ఆమె చెయ్యెత్తింది. కానీ అతని జుట్టు దాకా వెళ్ళిన చెయ్యి ఎందుకో అక్కడే ఆగిపోయింది. ఆమె వేళ్ళు మడుచుకుని, ఉత్తుత్తినే ఫ్లాస్కు మూత సర్దింది.

“మరి ఎందుకు మానేశారు?” అంది చిన్నగా.

“మానలేదు. గొంతు మారింది. పదమూడేళ్ళొచ్చాక, ప్రార్థన మధ్యలో కీచుమంది. జనం నవ్వారు. తర్వాతి వారం వెళ్ళేసరికి స్టూలు మీద ఇంకో అబ్బాయి ఉన్నాడు. నా అంగీయే వేసుకుని. నాకెవరూ ముందు చెప్పలేదు.” అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “నవ్వొచ్చే సంగతేంటంటే, దేవుడు నా మాట వింటాడని నేను నిజంగా నమ్మాను. ఆ రోజు ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి అడిగాను, నీక్కూడా నా గొంతు నచ్చలేదా అని.”

చెవులపిల్లి నవ్వలేదు.

“ఆరేళ్ళకి ముందు ఏం ఆడుకునేవారు?”

“గుర్తులేదు. అదే వెతుకుతున్నాను.”

వాన తగ్గిపోయింది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఇద్దరూ లేవలేదు.

*

ఆ రాకపోకల మధ్య అతను తన మనసులో మాట చెప్పేద్దామనుకున్న వారంలోనే, ఇంట్లో అక్క ఒక వార్త మోసుకొచ్చింది.

“ఒరే తమ్ముడూ, మందిరం వార్షికోత్సవంలో మన పిచ్చుకని మాట్లాడించమన్నార్రా పెద్దాయన! నువ్వే తర్ఫీదివ్వాలి.”

పిచ్చుక అంటే అక్క కూతురు. ఆరేళ్ళది. ఒక చోట నిలవదని ఆ పేరు. అమ్మ కళ్ళలో అంత వెలుగు అతను చాలా ఏళ్ళుగా చూడలేదు. “అది కూడా, చిన్నప్పుడు నువ్వు చెప్పినట్టే చెప్పాలి నాన్నా,” అంది అమ్మ, అతని చెయ్యి పట్టుకుని. అతని నోట్లోకి ‘వద్దు’ అనే మాట వచ్చింది. పెదవి దాటలేదు.

స్టేజీ మీద పిల్ల తడబడితే పనికొస్తుందని ముందే రికార్డు చేయించమన్నారు. అతను పిచ్చుకని స్టూడియోకి తీసుకొచ్చాడు.

“ఆంటీ, ఇది నొక్కితే ఏమవుతుంది?”

“ఆంటీ ఏంటే! అక్కా అను. అది నొక్కితే మీ మామయ్య గొంతు కప్ప గొంతవుతుంది.”

పిచ్చుక నొక్కింది. కప్ప మామయ్య బెకబెకలాడాడు. పిల్ల కుర్చీలోంచి జారిపడేంతగా నవ్వింది. తర్వాత మైకు ముందు కూర్చుంది. కాళ్ళు నేలకందడం లేదు.

లైటు ఎర్రగా వెలగగానే ఆ మొహం మారిపోయింది. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. పొట్ట ఉబ్బింది, లోతుగా ఊపిరి పీల్చింది.

“నేను పాపిని. నా మనసు మలినం. నేను శిక్షకే తగినదాన్ని...”

చెవులపిల్లి హెడ్‌ఫోన్స్ తీసేసింది. ఆ ఊపిరి ఎవరిదో ఆమెకి తెలుసు. పిల్ల చేతిలో బిస్కెట్లు పెట్టి బయట కూర్చోబెట్టి వచ్చి, తలుపు మూసింది.

“ఆ ఊపిరి ఎవరు నేర్పారు?”

“నేనే.”

“అన్నీ తెలిసి కూడానా?”

“అమ్మ అడిగింది. కాదనలేకపోయాను.”

“ఆ కవిత్వంలో, ఎప్పుడో చచ్చిపోయిన పిల్లల కోసం మైకు ముందు మీ గొంతు పూడుకుపోతుంది. ఇంట్లో ఉన్న పిల్ల కోసం మాత్రం నోరు పెగలదు.” ఆమె తన దగ్గరున్న పాఠాల కాగితాలు తీసి అతని చేతిలో పెట్టింది. “నేనేదో మీరు నిజంగానే వెతుకుతున్నారనుకున్నాను. బాగుంది సార్. మీ మిగతా పాఠాలు ఇంకొకరు రికార్డు చేస్తారు.”

‘సార్’ అనే మాట అంత దూరంగా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

*

రికార్డింగ్ తప్పించుకుంది గానీ, ఎడిటింగ్ తప్పించుకోలేకపోయింది చెవులపిల్లి. పాత పాఠాలు శుభ్రం చెయ్యాల్సిన పని ఆమెదే. మనిషిని చూడనని పంతం పట్టి, రోజంతా అతని గొంతుని చెవుల్లో పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. దగ్గులు తీసెయ్యాలి. ‘ఆఁ’లు తీసెయ్యాలి. పాఠం మధ్యలో “ఏంటలా నవ్వుతున్నారు?” అని తననే అడిగిన ముక్కలు తీసెయ్యాలి. తీసేది. మళ్ళీ వేసుకుని వినేది. మళ్ళీ తీసేది.

“కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయే?” అన్నాడు నాన్న భోజనాల దగ్గర.

“స్క్రీను చూసీ చూసీ.”

“పని చెవులతోనా, కళ్ళతోనా?” అన్నాడాయన. ఇంక రెట్టించలేదు.

అటువైపు లెక్చరర్ కొత్త ఇంజినీరు ముందు కూర్చుని పాఠాలు చదివేవాడు. ఆ కుర్రాడు ఫోను చూసుకుంటూ “సూపర్ సార్, సింగిల్ టేక్!” అనేవాడు. అద్దంలో అతనికి తన మొహమే కనిపించేది. మబ్బు పడితే దిగులేసేది, వాన పడకపోతే ఇంకా దిగులేసేది.

ఒక సాయంత్రం ఇంట్లో పిచ్చుక ప్రసంగం అప్పచెబుతూ మధ్యలో ఆగింది.

“మామయ్యా, నేనేం పాపం చేశాను?”

“ఏం చెయ్యలేదమ్మా.”

“మరి చేశానని ఎందుకు చెప్పాలి? నిన్న చీమని తొక్కానే, అదా?” పిల్ల పెదవి వణికింది. “నేను చూసుకోలేదు మామయ్యా. నిజంగా.”

అతను పిల్లని దగ్గరికి తీసుకున్నాడు. అమ్మా, అక్కా వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“అమ్మా, పిచ్చుక మాట్లాడదు,” అన్నాడు. ఆ మాటకి ముందు ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయాడు.

అక్క ముందు తేరుకుంది. “నీకు మాత్రం అంతా దక్కాలి! నువ్వు స్టూలెక్కి మాట్లాడుతుంటే నేనెక్కడున్నానో తెలుసా? వెనకాల, చెప్పుల దగ్గర. నన్నెవరైనా ఒక్కసారైనా చూశార్రా? నా కూతుర్నైనా చూడనీ.”

ఆ సంగతి అతను ఎన్నడూ ఆలోచించలేదు. స్టూలు మీంచి చెప్పుల దాకా చూపు ఆనేది కాదు.

“చూడాలి అక్కా. కానీ గెంతుతుంటే చూడాలి. ఏడుస్తుంటే కాదు.” తర్వాత అమ్మ వైపు తిరిగాడు. గోడతో మాట్లాడిన ఆ రాత్రి సంగతి మొదటిసారి ఇంట్లో చెప్పాడు. చక్కగా చెప్పలేదు. ముందుది వెనక, వెనకది ముందు చెప్పాడు.

అమ్మ నేల మీద కూలబడింది. “మీ నాన్న పోయాక నన్ను పలకరించే దిక్కులేదురా. నువ్వు మాట్లాడటం మొదలెట్టాకే ‘అమ్మా, బాగున్నావా’ అని నలుగురూ అడిగారు. నీ గొంతు పట్టుకుని ఒడ్డెక్కాను. నువ్వు మునుగుతున్నావని చూసుకోలేదు నాన్నా.”

మర్నాడు వద్దని చెప్పడానికి తల్లీ కొడుకూ మందిరం ఆఫీసుకి వెళ్ళారు. ఏళ్ళ తరబడి ఆ పెద్దాయనతో మనసులోనే వాదించిన మాటలన్నీ దారిపొడుగునా వల్లెవేసుకున్నాడు లెక్చరర్.

పెద్దాయన ముసలివాడైపోయాడు. కోపం తెచ్చుకోలేదు. “ఆ పిల్ల కాకపోతే ఇంకో పిల్ల. పిల్లలకేం కొదవమ్మా?” అన్నాడు శాంతంగా. అద్దాలు సర్దుకుని చూశాడు. “ఈ అబ్బాయెవరు?”

“నా కొడుకండీ.” అమ్మ మొహంలో గర్వం. “మన చిట్టి బోధకుడు.”

“ఓహో. ఏ ఏడాది వాడు?”

వల్లెవేసిన మాటల్లో ఒక్కటీ అవసరపడలేదు. బయటికొచ్చాక వీధి మలుపులో అమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏ ఏడాది వాడని అడిగాడ్రా,” అంది, అంతే.

*

ఎడిటింగ్ గది తలుపు కొట్టి లోపలికొచ్చిన మనిషిని చూసి చెవులపిల్లి హెడ్‌ఫోన్స్ తియ్యలేదు. తియ్యకపోయినా వినిపిస్తుందని ఇద్దరికీ తెలుసు.

అతను జరిగిందంతా చెప్పాడు. పిచ్చుక ప్రశ్న, అక్క కోపం, అమ్మ మాట, పెద్దాయన మతిమరుపు.

“ఇన్నేళ్ళూ ఆయన మీద కోపంతో బతికాను. ఆయనకి నేనే గుర్తులేను.”

ఆమె మెల్లగా హెడ్‌ఫోన్స్ తీసింది. “బాధగా ఉందా?”

“ఖాళీగా ఉంది. ఇంకోటి కూడా చెప్పాలి. నేను... మీరు...”

“కాగితం మీద రాసుకోలేదా?”

“రాసుకున్నాను. బస్సులో చింపేశాను.”

“అయ్యో, ఎందుకు?”

“చదివితే చాలా బాగుంది. అందుకే.”

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆగలేదు. “అయితే బాగాలేకుండా చెప్పండి.”

“మీరు లేకపోతే ఆ గదిలో... అంటే, గదిలో అని కాదు, ఎక్కడైనా... నాకు మీరంటే ఇష్టం. చాలా. ఇంకేం చెప్పాలో తెలీట్లేదు.”

“అబ్బ, ఎంత చెత్తగా చెప్పారు!” అంది చెవులపిల్లి. ఆమె కళ్ళు నిండిపోయాయి. “ఒక్క ముక్క కూడా కోసెయ్యబుద్ధి కావట్లేదు. మీ దగ్గులన్నీ తీసేశాను తెలుసా? తీసి, వేరే ఫైల్లో దాచుకున్నాను. ఇంతకన్నా సిగ్గులేకుండా నేనూ చెప్పలేను.”

“నా దగ్గులా?”

“తుమ్ములు కూడా.”

*

ఆదివారం పొద్దున అమ్మ మందిరానికి బయల్దేరింది. అతను మందిరం గేటు దాకా తోడు వచ్చాడు.

“ఇంకా వెళ్తావా అమ్మా?”

“వెళ్ళనా మరి? ఆ పెద్దాయన కోసం వెళ్తున్నానా నేను? నా స్నేహితురాళ్ళున్నారు. నా దేవుడున్నాడు.” ఆమె కొంగు సర్దుకుంది. “పిచ్చుకేం చేస్తోంది?”

“అక్కా అదీ పార్కుకెళ్ళారు. అక్క కూడా ఉయ్యాల ఎక్కిందట.”

అమ్మ నవ్వింది. ఆ నవ్వు వెనకాలే మొహం కొంచెం చిన్నబోయింది. “నిన్నెప్పుడూ ఉయ్యాల ఎక్కించలేదు కదరా నేను.”

పోయింది పోయిందే. అమ్మ చెయ్యి మాత్రం అతను కాసేపు పట్టుకున్నాడు.

రోడ్డుకి అవతల ఒక అమ్మాయి నిలబడి, ఇటు చూడనట్టు తెగ నటిస్తోంది.

“ఆ అమ్మాయేనా?” అంది అమ్మ.

“ఊఁ.”

“ఎండలో నిలబెడతావేంట్రా? వెళ్ళు. లోపల నా దేవుడికి మీ ఇద్దరి గురించి ఒక మాట చెప్పాలి.”

“ఏం చెబుతావు?”

“నీకెందుకు? అది నాకూ ఆయనకీ మధ్య.”

అమ్మ మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది. అతను గేటు బయటే కాసేపు నిలబడి, తర్వాత రోడ్డు దాటాడు.

“ఏమన్నారు అత్తయ్యగారు?” అని అడిగేసి, చెవులపిల్లి నాలిక కరుచుకుంది. చెవులతో సహా మొహమంతా ఎర్రబడిపోయింది.

అతను ఫక్కున నవ్వాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.